ఇద్దరు స్నేహితులు, ఒకే రింగ్: తిరుపతిలో బాక్సింగ్ సినిమా తీయడానికి సమగ్ర మార్గదర్శి

బాక్సింగ్ సినిమా రాయడానికి కూర్చున్నవాళ్ళలో చాలామంది ముందుగా చివరి పోటీని ఊహించుకుని, అక్కడి నుంచి వెనక్కి కథ అల్లుకుంటూ వస్తారు. కథానాయకుడు ఒక్కడే అయితే ఆ పద్ధతి కొంతవరకు నడుస్తుంది. ఎదురెదురుగా నిలబడేది ఇద్దరు ప్రాణస్నేహితులైనప్పుడు మాత్రం అది కథను చెడగొడుతుంది. ఎవరి పక్షం వహించాలో తెలియక ప్రేక్షకుడు సతమతమవడమే అటువంటి సినిమాకు బలం. ఆ సతమతానికి విత్తనం మొదటి అరగంటలోనే పడాలి.

తక్కువ ఖర్చుతో, తిరుపతి, చిత్తూరు పరిసరాల్లోనే ఇటువంటి సినిమా తీయదలచిన వారి కోసం ఈ వ్యాసం. ఉదాహరణకు ఇద్దరు కుర్రాళ్ళను అనుకుందాం. తిరుపతి బైరాగిపట్టెడలో పూలు కట్టి అమ్ముకునే తల్లి కొడుకు మునిశేఖర్. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజనంతా లోడింగ్ పని చేసి, మిగతా నెలలు తిరుపతిలో ఆటో తోలే కుర్రాడు చెంగల్రాయుడు. ఇద్దరూ ఒకే కోచ్ దగ్గర, ఒకే సంచిని గుద్దుతూ పెరిగారు. తిరుపతి కథ కాబట్టి దశలను మెట్లనే పిలుచుకుందాం.

మొదటి మెట్టు: ఇద్దరి మధ్య ఒక గుట్టు పెట్టండి

ఏళ్ళ తరబడి కలిసి స్పారింగ్ (సాధన కోసం చేసే పోరు) చేసిన ఇద్దరికి ఒకరి శరీరం గురించి మరొకరికి తెలిసినంతగా కన్నతల్లికి కూడా తెలియదు. అలసిపోయినప్పుడు ఏ కాలు లాగుతాడు, దెబ్బ తగిలితే ఏ వైపుకు జరుగుతాడు, భయపడితే ఊపిరి ఎలా తీస్తాడు అన్నవన్నీ ఎదుటివాడికి తెలుసు. మీ సినిమాకు మూలధనం ఇదే. వాటిలో ఒక్క బలహీనతను ఎంచుకుని, కథ మొత్తాన్ని దాని మీద నిలబెట్టండి.

ఏది ఎంచుకోవాలో చరిత్రే చూపించింది. 1936 జూన్‌లో న్యూయార్క్‌లో జర్మనీ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్, అప్పటిదాకా ఓటమి ఎరుగని అమెరికా బాక్సర్ జో లూయిస్‌ను 12వ రౌండ్‌లో నాకౌట్ చేశాడు. లూయిస్ పాత పోటీల ఫిల్ములను ముందే చూసిన ష్మెలింగ్, అతడు జాబ్ (ముందుచేతితో వేసే సూటి గుద్దు) విసిరిన తరువాత ఎడమచేతిని కిందికి దించేస్తాడని గమనించి, ఆ సందులోకి తన కుడిచేతిని పంపాడు. రెండేళ్ళకు, 1938 జూన్‌లో జరిగిన మలి పోటీలో లూయిస్ 2 నిమిషాల 4 సెకన్లలోనే లెక్క సరిచేశాడు. తరువాతి కాలంలో వాళ్ళిద్దరూ మిత్రులై, జీవితాంతం అలాగే ఉండిపోయారు.

ష్మెలింగ్ ఆ లోపాన్ని ఫిల్ములో చూసి కనిపెట్టాడు. మన చెంగల్రాయుడికి మాత్రం దాన్ని కనిపెట్టాల్సిన పనే లేదు. మునిశేఖర్‌ను ఎన్నో ఏళ్ళుగా హెచ్చరిస్తూ వచ్చినవాడే అతడు. అందుకే మొదటి పది నిమిషాల్లో ఇలాంటి చిన్న సంభాషణ ఒకటి ఉండాలి.

“మునీ, ఎడమచెయ్యి మళ్ళా దించేస్తా ఉండావురా.”

“చెప్పేదానికి నువ్వుండావు గదా.”

ఇద్దరూ నవ్వుకుంటారు, దృశ్యం ముగుస్తుంది. సినిమా మధ్యలో ఇదే మాట ఇంకొకసారి, ఈసారి కొంచెం చిరాకుగా, రావాలి. చివరి పోటీలో మాత్రం రాకూడదు. మునిశేఖర్ చెయ్యి కిందికి దిగుతుంది, చెంగల్రాయుడు చూస్తాడు, ఏమీ అనడు. ఆ అర సెకను మౌనం కోసమే మిగతా రెండు గంటలూ తీస్తున్నారని మీరూ, మీ ఛాయాగ్రాహకుడూ గుర్తుపెట్టుకోవాలి.

రెండో మెట్టు: వాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టేది ఎవరు?

స్నేహితుల మధ్య వైరం రావడానికి మన కథకులు ఎక్కువగా ఒక అమ్మాయినో, ఒక దుర్మార్గుడైన ప్రమోటర్‌నో తెచ్చిపెడతారు. నా దృష్టిలో రెండూ అనవసరమే, ఎందుకంటే బాక్సింగ్‌లోనే అంతకంటే క్రూరమైన పాత్ర ఒకటి సిద్ధంగా ఉంది: తూకం యంత్రం.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల బరువు తరగతులు ఏడే: 51, 57, 63.5, 71, 80, 92 కిలోలు, ఆపైన. అంకెల మధ్య దూరం చూడండి. 63.5 తరువాత మెట్టు ఏకంగా 71. మామూలుగా 66 కిలోలు ఉండే కుర్రాడు రెండున్నర కిలోలు కరిగించి కిందికి రావాలి, లేదా తనకంటే ఐదు కిలోలు బరువైనవాళ్ళ చేత దెబ్బలు తినాలి. మునిశేఖర్ సహజంగా 64, చెంగల్రాయుడు 66 అనుకుంటే, చెంగల్రాయుడు 71లో రెండుసార్లు చిత్తుగా ఓడి, వేరే దారి లేక స్నేహితుడి తరగతిలోకి దిగుతాడు. రాష్ట్ర జట్టులో ఆ తరగతికి స్థానం ఒక్కటే. ఇందులో ఎవరి తప్పూ లేదు. తప్పు ఎవరిదీ కాని వైరమే ప్రేక్షకుణ్ణి ఎక్కువ బాధపెడుతుంది. అంతర్జాతీయ తరగతులు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి, మీ కథ జరిగే సంవత్సరానికి ఏవి అమలులో ఉన్నాయో సరిచూసుకుని అంకెలు వేయండి.

ఒకే స్థానం కోసం జరిగే పోరు ఎంత చేదుగా ఉంటుందో తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీలకు వెళ్ళే 51 కిలోల బాక్సర్ ఎవరో తేల్చడానికి ఢిల్లీలో మేరీ కోమ్‌కూ, మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కూ ట్రయల్ (ఎంపిక పోటీ) జరిగింది. ఆ ట్రయల్ పెట్టాలని నిఖత్ బహిరంగంగా కోరాల్సి వచ్చింది. ఆమె 9-1 తేడాతో ఓడిపోయింది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ విజేత అయింది. మీ కథలో ఓడినవాడికి కూడా ఓటమి తరువాత ఒక ఉదయం ఉండాలని ఈ సంగతి గుర్తుచేస్తుంది.

తూకం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తిరుపతిలో దీనికి దొరికే దృశ్యాలు మరెక్కడా దొరకవు. అమెచ్యూర్ (ప్రొఫెషనల్ కాని) పోటీల్లో బాక్సర్ తాను ఆడే ప్రతి రోజూ ఉదయం తూకానికి నిలబడాలి. అంటే ఫైనల్‌కు చేరేసరికి అతడు ఎన్నో పూటలు ఆకలితో నిద్రలేచి ఉంటాడు. ఇక్కడ కొండమీద తులాభారంలో బిడ్డ ఎంత బరువు తూగితే తల్లిదండ్రులు అంత మురిసిపోయి బెల్లమో, చక్కెరో, నాణేలో సమర్పిస్తారు. చిన్నప్పుడు తులాభారంలో కూర్చున్న మునిశేఖర్‌ను ఒక ఫొటోలో చూపించి, అక్కడి నుంచి అతడు ఒంటిమీద బట్ట కూడా బరువేనని విప్పేసి తూకం మీద నిలబడే దృశ్యానికి కట్ చేయండి. వ్యాఖ్యానం ఏమీ అక్కరలేదు.

తలనీలాల సంగతీ అంతే. చివరి వంద గ్రాముల కోసం జుట్టు తీయించుకునే బాక్సర్లు ఉంటారు. మన ఊళ్ళో గుండు చూసి ఎవరూ ఎందుకని అడగరు, మొక్కు తీర్చుకున్నాడనుకుంటారు. చెంగల్రాయుడు ఒకరోజు గుండుతో వస్తే, వాళ్ళమ్మ సంతోషంతో దండం పెట్టుకుంటుంది. మునిశేఖర్ ఒక్కడికే దాని అర్థం తెలుస్తుంది, అంటే వాడు 63.5కు దిగుతున్నాడని. మాట లేకుండా యుద్ధ ప్రకటన జరిగిపోయింది. ఇంటికి ఎవరో తెచ్చిన లడ్డూను కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకోకుండా చెల్లెలి చేతిలో పెట్టే చిన్న షాట్ కూడా ఇక్కడే ఇమిడిపోతుంది.

ఒక హెచ్చరిక. తెర మీద నీరసం కనిపించాలని నటుల చేత నిజంగా నీళ్ళు మాన్పించకూడదు. పెదవులకు మేకప్ చాలు.

మూడో మెట్టు: ఎన్ని పోటీలు, ఒక్కొక్కటి ఏం మార్చాలి

సినిమా మొత్తంలో ఇద్దరి మధ్య మూడు సార్లకు మించి గ్లోవ్స్ తగలకూడదని నా అభిప్రాయం. మొదటిది స్పారింగ్, అది ఆట. రెండోది జిల్లా స్థాయి పోటీ. అక్కడ ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ, గట్టిగా కొట్టుకోకుండా ఆడి, రిఫరీ చేత మందలింపు తిని, చివరికి జడ్జిల దయతో ఒకడు గెలుస్తాడు. గెలిచినవాడికి ఆనందం ఉండదు, ఓడినవాడికి ‘జాలిపడి వీడు నన్ను గట్టిగా కొట్టలేదు’ అన్న అనుమానం మొదలవుతుంది. దయే ఇక్కడ అవమానమవుతుంది. మూడోది అసలు పోరు.

రెండో పోటీకీ మూడో పోటీకీ మధ్యనే కథకుడి సత్తా బయటపడుతుంది. అమెరికా బాక్సర్లు మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్‌ల చరిత్ర ఇక్కడ పాఠంలా చదవదగినది. 1967 నుంచి 1970 దాకా అలీని రింగ్‌లోకి రానివ్వని కాలంలో ఫ్రేజియర్ అతడికి డబ్బు సాయం చేశాడు, అతడి లైసెన్సు తిరిగి ఇవ్వాలని వాదించాడు. అటువంటి మనిషినే 1971 పోటీకి ముందు అలీ పత్రికల ముందు ఘోరంగా కించపరిచాడు. ఆ పోటీలో ఫ్రేజియర్ గెలిచాడు, 1974లో అలీ గెలిచాడు, 1975 అక్టోబరు 1న మనీలా ఉక్కలో 14 రౌండ్లు పూర్తయ్యాక ఫ్రేజియర్ కోచ్ ఎడ్డీ ఫచ్ తన శిష్యుడి కళ్ళు మూసుకుపోతున్నాయని చూసి పోటీని ఆపేశాడు. పిడిగుద్దుల గాయాలు మానాయి, మాటల గాయాలు మానడానికి ఫ్రేజియర్‌కు దశాబ్దాలు పట్టింది. అందుచేత మీ కథలోని ఇద్దరి మధ్య ఒక మానని మాట పడాలి.

ఆ మాట ఎక్కడ పడాలంటే, తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో. మే నెలలో వారం రోజులు జరిగే ఆ జాతరలో రోజుకొక వేషం కడతారు, వేషగాళ్ళ నోటి నుంచి వచ్చే తిట్లను ఊరు తప్పుపట్టదు. బండ వేషం కట్టిన చెంగల్రాయుడు వీధిలో అందరి ముందూ మునిశేఖర్‌ను తిడతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆచారంగా నవ్వుతారు. మొదట మునిశేఖర్ కూడా నవ్వుతాడు. తరువాత ఆ తిట్లలో తన తల్లి గురించి, జిల్లా పోటీలో తనకు దక్కిన భిక్షలాంటి గెలుపు గురించి ఒక నిజమైన మాట వినిపిస్తుంది. ఆ ముఖం మారడాన్ని దగ్గరగా తీయండి. మరునాడు ‘జాతరలో అన్నది పట్టించుకుంటావా’ అని చెంగల్రాయుడు తప్పించుకోవచ్చు కూడా. ఊరి ఆచారాన్ని రంగుల కోసం వాడుకునే సినిమాలు చాలా ఉన్నాయి. ఇక్కడ ఆచారమే కథను ముందుకు నెడుతుంది.

ముగింపు మరీ చేదుగా ఉండాలని నియమమేమీ లేదు. 2002, 2003 సంవత్సరాల్లో మూడుసార్లు ప్రాణాలకు తెగించి కొట్టుకున్న బాక్సర్లు మికీ వార్డ్, ఆర్టురో గాటీ ఆ పోరాటాల వల్లనే స్నేహితులయ్యారు. 2007లో గాటీ ఆడిన చివరి పోటీకి వార్డ్ అతడి కోచ్‌గా నిలబడ్డాడు.

నాలుగో మెట్టు: నియమాలు తప్పు రాయకండి

మా మొదటి చిత్తుప్రతిలో ఇద్దరు జిల్లా స్థాయి కుర్రాళ్ళ చేత ఏకంగా 12 రౌండ్లు ఆడించాం. చదివిన కోచ్ ఒకాయన కాగితాలు పక్కన పెట్టి, “ఈ పిల్లోళ్ళు ప్రపంచ టైటిల్‌కి ఎప్పుడు పోయినారు సామీ?” అని అడిగాడు. అమెచ్యూర్ పోటీ అంటే మూడు రౌండ్లు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు, మధ్యలో నిమిషం విరామం. మొత్తం తొమ్మిది నిమిషాల యుద్ధం కాబట్టి మీ చివరి పోటీని అసలు నిడివితోనే చూపించే అవకాశం కూడా ఉంది, ఆలోచించండి.

రింగ్ లోపలి కొలత సుమారు 6.1 మీటర్ల చదరం, చుట్టూ నాలుగు తాళ్ళు, ఒక మూల ఎరుపు, ఎదుటి మూల నీలం. ఐదుగురు జడ్జిలు రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 లేదా అంతకంటే తక్కువ పాయింట్లు ఇస్తారు. ఫలితం 3-2గా రావచ్చు, అంటే హాలులో సగం మంది న్యాయం జరగలేదని నమ్మవచ్చు. మన కథకు అంతకంటే ఏం కావాలి? దెబ్బకు తూలినవాడికి రిఫరీ ఎనిమిది దాకా లెక్కపెడతాడు. పెద్దవాళ్ళ పురుషుల పోటీల్లో 2013 నుంచి హెడ్‌గార్డ్ తీసేశారు కాబట్టి చివరి పోటీలో ముఖాలు చక్కగా కనిపిస్తాయి. చిన్నప్పటి దృశ్యాల్లో మాత్రం హెడ్‌గార్డ్ తప్పకుండా పెట్టాలి. 63.5 తరగతికి 10 ఔన్సుల గ్లోవ్స్.

కోచ్ పాత్రను ఈ నియమాల మధ్య మరచిపోవద్దు. ఇద్దరూ తన శిష్యులే అయినప్పుడు ఆయన ఏ మూలన కూర్చోవాలి? ఏ మూలకూ వెళ్ళకుండా ప్రేక్షకుల మధ్య వెనక వరుసలో కూర్చోబెట్టండి.

ఐదో మెట్టు: నటుల తర్ఫీదు, పోరాటాల రచన

నటుల చేత బాక్సింగ్ చేయించడానికి కనీసం మూడు నెలలు కేటాయించాలి. వాటిలో మొదటి నెలంతా కాళ్ళకే. పిడికిలి సంగతి ఫైట్ మాస్టర్ ఎలాగో కప్పిపుచ్చుతాడు కానీ, అడుగు తడబడితే బాక్సింగ్ తెలిసిన ప్రేక్షకుడు మొదటి షాట్‌లోనే పట్టేస్తాడు. వీలైతే ఒకరిని కుడిచేతివాటం, మరొకరిని ఎడమచేతివాటం బాక్సర్‌గా పెట్టండి. ముందు కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడుతూ ఉంటాయి, ఇద్దరూ ఒకే అద్దంలో ఇరుక్కున్నట్టు కనిపిస్తారు. మన ఉదాహరణలో చెయ్యి దించేది మునిశేఖర్ కాబట్టి అతడు కుడిచేతివాటం, చెంగల్రాయుడు ఎడమచేతివాటం. ఆ ఖాళీలోకి వచ్చేది చెంగల్రాయుడి ముందుచెయ్యి, అంటే కుడిచేతి హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే గుద్దు).

ప్రతి పోరాటాన్నీ ఐదారు దెబ్బల చిన్న వాక్యాలుగా విడగొట్టి అంకెలు వేయండి. ఒక్కో వాక్యం పక్కన అది చెప్పే మాటను రాయండి: ‘నన్ను కొట్టు’, ‘ఆ రోజు నువ్వన్నది మరచిపోలేదు’, ‘ఇక చాలురా’. మాట రాయలేని వాక్యాన్ని కొట్టేయండి, ఎంత అందంగా ఉన్నా సరే. సాధన ముందు సగం వేగంతో, తరువాత ముప్పావు వేగంతో జరగాలి. పూర్తి వేగం చిత్రీకరణ రోజుకే ఉంచాలి. నటులు అలసిన తరువాత తల వైపు వచ్చే దెబ్బలు తీయకూడదు. సెట్‌లో వైద్యుడు, బయట అంబులెన్సు ఉండటం ఖర్చు కింద లెక్కపెట్టే విషయం కాదు.

ఆరో మెట్టు: చోటు, కాలం

శిక్షణ దృశ్యం అనగానే ప్రతి రచయితా అలిపిరి మెట్ల మీద పరుగు రాస్తాడు. సుమారు 3,550 మెట్లు కళ్ళెదుట ఉంటే ఆశ పుట్టడం సహజమే. అయితే అది భక్తుల దారి. కొండమీదా, నడకదారిలోనూ సినిమా చిత్రీకరణ జరుగుతుందన్న ఆశతో కథ రాసుకోవద్దు. పైగా ప్రపంచంలోని బాక్సింగ్ సినిమాలన్నీ మెట్లు ఎక్కేశాయి. చెంగల్రాయుడి చేత మామిడి పెట్టెలు మోయించండి, మునిశేఖర్ చేత స్వర్ణముఖి ఇసుకలో పరుగెత్తించండి. చంద్రగిరి దగ్గర ఎ. రంగంపేటలో కనుమ పండుగకు కోడెల కొమ్ములకు కట్టిన పలకల కోసం కుర్రాళ్ళు ఎగబడతారు. ఇద్దరూ ఒకే పలక పట్టుకుని ఎవరూ వదలని చిన్న దృశ్యం, పందొమ్మిదేళ్ళ వయసులో, కథకు చక్కని నాంది అవుతుంది.

పోటీ హాలుకు స్టేడియం దొరకకపోతే కల్యాణ మండపం చూసుకోండి. మధ్యలో స్తంభాలు లేని పెద్ద హాలు, వేదిక, జనరేటర్, వంటశాల అన్నీ అక్కడే ఉంటాయి. ముహూర్తాలు లేని ఆషాఢంలోనూ, ధనుర్మాసంలోనూ ఖాళీగా ఉంటాయి కాబట్టి అద్దె మాట్లాడుకోవచ్చు. రెండింటిలో ధనుర్మాసమే మేలు. ధనుర్మాసానికి ముందు, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మా ప్రాంతంలో ఎప్పుడు ఎలా విరుచుకుపడతాయో చెప్పలేం. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో ఏరులు పారాయి. డిసెంబరు సగం దాటాక వాన తగ్గుతుంది, చలిలో నటులు తొందరగా అలసిపోరు కూడా. చిక్కల్లా వైకుంఠ ఏకాదశి, కొత్త సంవత్సరం రద్దీ. ఆ రోజుల్లో తిరుపతిలో గది దొరకడం దర్శనం దొరికినంత కష్టం కాబట్టి, బృందానికి చంద్రగిరిలోనో చిత్తూరులోనో బస చూసుకోండి.

ఏడో మెట్టు: కెమెరా

దెబ్బ తగిలినట్టు కనిపించడం కోణాన్ని బట్టి ఉంటుంది. కొట్టేవాడి భుజం వెనక నుంచి తీస్తే పిడికిలికీ, ముఖానికీ మధ్య ఉన్న జానెడు ఖాళీ కనిపించదు. తినేవాడి మెడ సమయానికి తిరిగితే చాలు. బాక్సర్లు రింగ్‌లో తిరుగుతూ ఉంటారు కాబట్టి ఎవరు ఎటువైపు ఉన్నారన్న గందరగోళం తప్పదు. ఎరుపు, నీలం దుస్తులు ఆ బాధ్యతను చాలావరకు మోస్తాయి. కల్యాణ మండపం ట్యూబులైట్ల కింద తీసేటప్పుడు మినుకు రాకుండా ఉండాలంటే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, సెకనుకు 24 ఫ్రేములకు షట్టర్ కోణం (ఒక్కో ఫ్రేముకు షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పే అమరిక) 172.8 డిగ్రీలు పెట్టండి. దెబ్బలు పదునుగా, విడివిడిగా కనిపించాలంటే 86.4. స్లో మోషన్‌ను చెయ్యి దిగే ఆ ఒక్క క్షణానికే దాచుకోండి. ప్రతి గుద్దుకూ వాడితే ఆ క్షణానికి ఏమీ మిగలదు.

జనం తక్కువైతే దీపాలన్నీ రింగ్ మీదే వేసి వెనక చీకటి ఉంచండి. వందమందిని నాలుగు వైపులకూ మార్చి కూర్చోబెడితే హాలు నిండినట్టే ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: శబ్దం, కూర్పు (ఎడిటింగ్)

గుద్దు శబ్దాలను రెడీమేడ్ శబ్దాల లైబ్రరీ నుంచి తెచ్చి అతికిస్తే అన్నీ ఒకేలా మోగుతాయి. తలకు ఒక చప్పుడు, పక్కటెముకలకు మరొకటి, అడ్డుపెట్టిన గ్లోవ్ మీద పడినది ఇంకొకటి. తోలు గ్లోవ్స్‌తో ఇసుక సంచి మీద, తడిపిన దుప్పటి మీద, పుచ్చకాయ మీద గుద్ది విడిగా రికార్డు చేసుకోండి. నటుల ఊపిరిని కూడా ప్రత్యేకంగా తీసుకోవాలి, ఎందుకంటే చివరి రౌండ్‌లో మాటలు లేనప్పుడు ఊపిరే సంభాషణ.

చెయ్యి దిగే క్షణానికి వచ్చేసరికి హాలు గోల తగ్గించి, మొదటి పది నిమిషాల్లో స్పారింగ్ గదిలో వినిపించిన పాత ఫ్యాన్ చప్పుడును మెల్లగా తీసుకురండి. ‘చెప్పేదానికి నువ్వుండావు గదా’ అన్న మాటను గొంతుగా మళ్ళీ వినిపించాలన్న కోరిక కూర్పు గదిలో కలుగుతుంది, నిర్మాత కూడా అడుగుతాడు. ఒప్పుకోవద్దు. ఆ ఫ్యాన్ చాలు.

మొదటి కూర్పు పూర్తయ్యాక సినిమావాళ్ళకు చూపించేముందు నలుగురు బాక్సర్లను, వాళ్ళ తల్లులను కూర్చోబెట్టి చూపించండి. బాక్సర్లు ఎక్కడ నవ్వారో అక్కడ పోరాటాన్ని తిరిగి కూర్చండి. తల్లులు ఎక్కడ తల తిప్పుకున్నారో అక్కడ ఒక్క ఫ్రేము కూడా తీసేయకండి.